75 లీటర్ల రీఫ్ ట్యాంక్‌లో గోధుమరంగు పాకుడు: సున్నా నైట్రేట్, సున్నా ఫాస్ఫేట్ తెచ్చిపెట్టిన డైనోల కేసు

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, గోధుమరంగు పాకుడు కనబడగానే చాలామంది మేత తగ్గిస్తారు, నీళ్లు మారుస్తారు, ఫాస్ఫేట్‌ను లాగేసే గుళికలు వేస్తారు. మామూలు నాచుకైతే అది సరైన మందే. డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులకు, అంటే అందరూ డైనోలు అనేవాటికి, అదే బలం. ఈ కేసులో ట్యాంక్ చూసుకునేవాళ్లు ఎక్కడా అశ్రద్ధ చేయలేదు. శుభ్రత కోసం చేసిన ప్రతి పనీ ఆ పాకుడుకే కలిసొచ్చింది. అందుకే ఈ కేసును అంకెలతో సహా వివరంగా రాయడం.

ట్యాంక్, దాని స్థితి

ట్యాంక్ 45 × 45 × 38 సెంటీమీటర్లు, వెనక గదులుండే ఆల్-ఇన్-వన్ రకం. అమ్మేటప్పుడు 75 లీటర్లు అంటారు. రాయి, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అందులో నిజంగా ఉన్న నీళ్లు 60 లీటర్లే. కింద ఇచ్చిన మోతాదులన్నీ ఈ 60కి లెక్కగట్టినవి. పెట్టె మీద అచ్చు వేసిన అంకెతో లెక్కేస్తే ప్రతి మందూ పాతిక శాతం ఎక్కువ పడుతుంది. చిన్న ట్యాంకుల్లో సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి.

9 కిలోల డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి), రెండు సెంటీమీటర్ల మందాన అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుకతో మొదలుపెట్టారు. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు స్థిరపడ్డ రాయి) ఒక్క ముక్క కూడా వేయలేదు, బాక్టీరియా అంతా సీసాలోంచి వచ్చిందే. వెనక గదుల్లో ఫిల్టర్ ఫ్లాస్, చిన్న స్కిమ్మర్ (నురుగుతో మలినాలు తీసే పరికరం), ఫాస్ఫేట్‌ను లాగేసే జీఎఫ్‌ఓ అనే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికల సంచి, రిటర్న్ పంపు. రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, ట్రోకస్, సెరిత్ నత్తలు. పగడాల్లో హామర్, డంకన్, క్యాండీ కేన్, జోయాంథిడ్లు, ఒక మాంటిపోరా డిజిటాటా.

ఆరు నెలలు బాగానే నడిచింది. ఏడో నెలలో ఇసుక మీద గోధుమరంగు పొర వచ్చింది. తొమ్మిదో నెలకల్లా అది రాళ్లెక్కి, కొసన గాలిబుడగలు పట్టుకున్న జిగట తీగలై వేలాడసాగింది. పొద్దున లైట్లు వెలిగేసరికి ట్యాంక్ దాదాపు శుభ్రంగా ఉండేది, మధ్యాహ్నానికి మళ్లీ కమ్ముకునేది. నత్తలు వెల్లకిలా పడి ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. హామర్ ముడుచుకుపోయింది. మాంటిపోరా కొసలు తెల్లబడ్డాయి, జోయాంథిడ్లు విచ్చుకోవడం మానేశాయి. చేపలు, రొయ్య మాత్రం మామూలుగానే ఉన్నాయి.

అప్పటికి జరిగిన వైద్యం ఇదీ: మేత రోజు విడిచి రోజుకు తగ్గింది, జీఎఫ్‌ఓ రెట్టింపయింది, వారానికి రెండుసార్లు 30 శాతం చొప్పున నీళ్లు మారాయి, ప్రతిసారీ ఇసుక కలియబెట్టడం జరిగింది. నీళ్లు మార్చిన ప్రతిసారీ పాకుడు ఒకటి రెండు రోజులు తగ్గినట్టు కనబడి, ఆ తర్వాత ముందుకన్నా దట్టంగా వచ్చేది.

మందు కన్నా ముందు కొలతలు

ఏదైనా వేసే ముందు ట్యాంక్‌ను ఉన్నదున్నట్టు కొలవాలి. ఈ కేసులో మొదటి తప్పు నీళ్లలో లేదు, కొలిచే సాధనంలో ఉంది. లవణీయతను ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తో చూస్తున్నారు. అది 1.025 చూపిస్తోంది. ముల్లుకు సన్నటి గాలిబుడగలు అంటుకుంటే అది పైకి తేలి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సరిచేసిన రిఫ్రాక్టోమీటర్‌తో (కాంతి వంగడాన్నిబట్టి ఉప్పు కొలిచే సాధనంతో) చూస్తే అసలు లవణీయత 31 పీపీటీ, అంటే వెయ్యికి 31 భాగాలు. సముద్రపు నీరు 35 పీపీటీ, 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.0264.

రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్వో నీళ్లతో సున్నా దగ్గర సరిచేస్తే చాలదు. మనకు కావాల్సింది 35 దగ్గర నిజం చెప్పడం, కాబట్టి 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతోనే సరిచేయాలి. అది దొరక్కపోతే ఇంట్లో చేసుకోవచ్చు: 36.5 గ్రాముల శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను 963.5 గ్రాముల డీఐ (అయాన్లు తీసేసిన) నీళ్లలో కరిగిస్తే, ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ సముద్రపు నీరులాగే చదువుతుంది. నీళ్లనూ తూకం వేయాలి, కొలపాత్రతో కాదు.

మిగతా కొలతలు:

ఉష్ణోగ్రత: రోజులో 25.4 నుంచి 27.1 డిగ్రీల దాకా ఊగుతోంది
ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల బలం): 10.4 డీకేహెచ్ (దాని కొలమానం)
కాల్షియం: 375 పీపీఎం (పది లక్షల్లో భాగాలు)
నైట్రేట్: కిట్‌లో రంగే రాలేదు
ఫాస్ఫరస్: మీటర్‌లో 2 పీపీబీ (వంద కోట్లలో భాగాలు)

చివరి అంకె దగ్గర చాలామంది పొరబడతారు. కొన్ని మీటర్లు ఫాస్ఫేట్ చూపవు, ఫాస్ఫరస్‌ను పీపీబీల్లో చూపుతాయి. దాన్ని 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. ఇక్కడ 2 పీపీబీ అంటే 0.006 పీపీఎం. మీటర్ లోపమే అంతకన్నా ఎక్కువ ఉంటుంది గనక దాన్ని సున్నా అనుకోవాల్సిందే.

కాల్షియం 375 చూసి కాల్షియం వేయబోయారు. అది అనవసరం. లవణీయత 31 ఉన్నప్పుడు 375 అంటే, 35కి తెస్తే దానంతటదే 420 దాటుతుంది. లవణీయత సరిచేయకుండా కాల్షియం, మెగ్నీషియం సరిచేయబోతే ఆ తర్వాత రెండూ హద్దు మీరతాయి.

ఏ పాకుడో తేల్చుకోవడం

గోధుమరంగులో కనబడేవన్నీ డైనోలు కావు. డయాటమ్‌లు దుమ్ములా పరుచుకుంటాయి, చేత్తో విసిరితే లేచిపోతాయి, తీగలు కట్టవు. సయానోబాక్టీరియా ఎక్కువగా ముదురెరుపు దుప్పటిలా పరుచుకుని, పీకితే పొరగా ఊడివస్తుంది. మైక్రోస్కోప్ లేనప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. పాకుడు కాస్త సీసాలోకి తీసి గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ కాగితం గుండా వడకట్టి, దిగిన నీళ్లను లైటు కింద గంటసేపు ఉంచాలి. తేటగా కనబడ్డ ఆ నీళ్లలో మళ్లీ జిగురు ముద్దలు కడితే అవి డైనోలే.

అయితే డైనోలని తేలడంతో పని పూర్తికాదు, ఏ రకమో తెలియాలి. వైద్యం దాన్నిబట్టే మారుతుంది. డ్రాపర్‌తో తీగ కొసను ఒక చుక్క నీటితో సహా తీసి, స్లైడ్ మీద వేసి, కవర్ స్లిప్ కప్పి 400 రెట్ల దగ్గర చూడాలి. ఈ ట్యాంక్ నమూనాలో కణాలు నువ్వుగింజ ఆకారంలో, ఒక కొస మొనదేలి ఉన్నాయి. మొన దగ్గర కనబడీ కనబడని జిగురుపోగు ఒకటి అంటుకుని ఉంది. దానికి కట్టేసినట్టుగా ప్రతి కణమూ ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ ఊగుతోంది. కొన్ని పోగు తెంచుకుని స్లైడ్‌కు అడ్డంగా ఈదుకుంటూ పోయాయి. ఈ కదలిక చూశాక అనుమానం అక్కర్లేదు, అది ఆస్ట్రియాప్సిస్.

ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట పట్టు వదిలి నీళ్లలోకి తేలుతుంది. అందుకే పొద్దున ట్యాంక్ శుభ్రంగా కనబడేది, అందుకే యూవీ, అంటే నీటిని అతినీలలోహిత దీపం పక్కనుంచి పంపడం, దీని మీద పనిచేస్తుంది. కూలియా అనే మరో రకం కూడా అలాగే తేలుతుంది. ఆంఫిడీనియం అలా కాదు. అది ఇసుకలోనే ఉంటుంది, రాత్రి ఇసుకలోకే దిగుతుంది, యూవీకి చిక్కదు. దానికి సిలికేట్ వేసి డయాటమ్‌లను పోటీకి దింపడం లాంటి వేరే దారి పట్టాలి. రకం తెలుసుకోకుండా యూవీ కొని, పనిచేయలేదని నిరాశపడేవాళ్లలో చాలామంది ట్యాంకుల్లో ఉండేది ఆంఫిడీనియమే.

ఇంకో ముఖ్యమైన మాట. ఆస్ట్రియాప్సిస్ పాలిటాక్సిన్ జాతి విషాలు తయారుచేస్తుంది. నత్తలు పాకుడు మేసి చనిపోవడానికి కారణం అదే. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో ఆస్ట్రియాప్సిస్ విజృంభించినప్పుడు సముద్రపు తుంపర పీల్చి సుమారు 200 మంది ఆస్పత్రులకు వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చకూడదు. జోయాంథిడ్లలోనూ ఇలాంటి విషమే ఉండొచ్చు గనక, అవి ఉన్న రాళ్లను వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎప్పటికీ చేయకూడదు, ఆ ఆవిరి ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకు వచ్చింది

డ్రై రాక్‌తో మొదలైన ట్యాంక్‌లో జీవవైవిధ్యం తక్కువ. రాతి మీద చోటు ఆక్రమించుకునే రకరకాల బాక్టీరియా, సూక్ష్మ నాచు, వాటిని మేసే చిన్న పురుగులు ఇంకా స్థిరపడలేదు. ఆ స్థితిలో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడ్డాయి. పోటీగా పెరగాల్సినవన్నీ ఆకలితో వెనకబడ్డాయి. డైనోలకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. వాటిలో చాలా రకాలు వెలుతురుతోనే కాక బాక్టీరియాను మింగి కూడా బతకగలవు. ఖాళీ అయిన రాయి, ఇసుక మొత్తం వాటికే మిగిలాయి.

జీఎఫ్‌ఓ పెంచడం, మేత తగ్గించడం ఈ ఆకలిని ఇంకా పెంచాయి. ఇసుక కలియబెట్టడం ఉన్న కాస్త పోటీని చెదరగొట్టింది. తాజా ఉప్పునీళ్లు పోసినప్పుడల్లా డైనోలు ఊపందుకోవడం ఇలాంటి ట్యాంకుల్లో తరచూ కనబడేదే.

పగడాలు దెబ్బతినడానికి ఇదొక్కటే కారణం కాదు. పోషకాలు సున్నా దగ్గర ఉండి ఆల్కలినిటీ 10 దాటితే మాంటిపోరా, ఆక్రోపోరా వంటి వాటి కొసలు కాలినట్టు తెల్లబడతాయి. అస్థిపంజరం పెరిగే వేగానికి తగ్గ పోషణ కణజాలానికి అందదు. వాడుతున్న ఉప్పు ఎక్కువ ఆల్కలినిటీ రకం, దానికి తోడు కొలవకుండా ఆల్కలినిటీ మందు కూడా వేస్తున్నారు.

చికిత్స, వేసిన వరుసలో

మొదటి రోజే జీఎఫ్‌ఓ సంచి తీసేశారు. నీళ్లు మార్చడం, ఆల్కలినిటీ మందు, ఇసుక కలియబెట్టడం ఆగిపోయాయి. స్కిమ్మర్‌ను పూర్తిగా ఆపలేదు. దాని నీటిమట్టం తగ్గించి, నురుగు కప్పులోకి ఎక్కకుండా, గాలి మాత్రం కలిసేలా నడిపారు. పాకుడు చచ్చి కుళ్లేటప్పుడు రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది. 60 లీటర్లలో ఆ పతనం తెల్లారేలోపు చేపల్ని చంపగలదు. నీటి పైపొర బాగా కదిలేలా వేవ్‌మేకర్‌ను (నీటిని కదిలించే పంపును) కూడా పైకి తిప్పారు. విషాల కోసం 30 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచిలో వేసి వారానికోసారి మార్చారు.

లవణీయత 31 నుంచి 35కి ఒక్కసారిగా తేకూడదు. ఇక్కడ రోజుకు 1.2 లీటర్ల నీరు ఆవిరవుతోంది. ఆ లోటు ఆర్వో నీళ్లతో కాక 35 పీపీటీ ఉప్పునీళ్లతో నింపితే రోజుకు 42 గ్రాముల లవణం చేరుతుంది. 60 లీటర్లకు అది 0.7 పీపీటీ పెరుగుదల. ఆరు రోజుల్లో మెల్లగా 35కి చేరింది. ఇందుకు 35 పీపీటీ దగ్గర 8 డీకేహెచ్ ఉండే ఉప్పు వాడారు. దాంతో రోజుకు 0.16 డీకేహెచ్ కలుస్తుంది. పగడాలు అప్పటికి రోజుకు 0.2 వాడుకుంటున్నాయి. అందువల్ల ఆ వారం ఆల్కలినిటీ పెరగలేదు. ఆ తర్వాత మందు లేకుండా వదిలేస్తే మూడో వారానికి 8 దగ్గరికి దిగింది. ఆల్కలినిటీ తగ్గించడానికి ఆమ్లాలు వాడమని చెప్పేవాళ్లున్నారు. చిన్న ట్యాంక్‌లో అది పీహెచ్‌ను కూల్చే పని, దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

పోషకాలు పెంచడమే అసలు వైద్యం. మేతను రోజుకు రెండుసార్లకు తెచ్చారు గానీ మేత ఒక్కదానితో అంకెలు కదలడానికి వారాలు పడుతుంది. అందుకని ద్రావణాలు కలిపారు. 41 గ్రాముల సోడియం నైట్రేట్‌ను డీఐ నీళ్లలో కరిగించి లీటరు చేస్తే, 60 లీటర్లలో ప్రతి మిల్లీలీటరూ నైట్రేట్‌ను 0.5 పీపీఎం పెంచుతుంది. ఫాస్ఫేట్‌కు 4 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ డోడెకాహైడ్రేట్ లీటరు నీళ్లలో కలపాలి. నీరులేని రకమైతే 1.73 గ్రాములు చాలు. ఈ ద్రావణం 3 మిల్లీలీటర్లు వేస్తే 60 లీటర్లలో ఫాస్ఫేట్ 0.05 పీపీఎం పెరుగుతుంది. రెండూ ల్యాబ్ గ్రేడ్ లేదా ఆహార గ్రేడ్‌వే అయ్యుండాలి. మొక్కలకు వేసే ఎరువులు వాడకూడదు, వాటిలో రాగి, అమ్మోనియా ఉండొచ్చు. రాగి అంటే రొయ్యకు, నత్తలకు చావే.

నైట్రేట్ ఒక్కటే పెంచి ఫాస్ఫేట్‌ను సున్నా దగ్గర వదిలేయడం పెద్ద తప్పు. నైట్రోజన్ ఉండి ఫాస్ఫేట్ లేనప్పుడు పగడాలు ఎండకు, వేడికి తేలిగ్గా తెల్లబడతాయని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. ట్యాంకుల్లోనూ అదే కనబడుతుంది. అందుకే ఫాస్ఫేట్ మొదటి రోజునుంచే మొదలైంది. నైట్రేట్ రోజుకు 4 మిల్లీలీటర్లు, అంటే 2 పీపీఎం చొప్పున పెంచుకుంటూ 5 దాటాక ఆపారు.

నైట్రేట్ చెప్పినట్టే నిలబడింది. ఫాస్ఫేట్ నిలబడలేదు. సాయంత్రం 0.05 పెంచితే మర్నాటికి 0.01. మందు లెక్క తప్పిందేమోనని మోతాదు పెంచేస్తారు చాలామంది. లెక్క సరైనదే. అరగొనైట్ రాయి, ఇసుక ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీదికి లాక్కుంటాయి. ఇన్నాళ్లూ జీఎఫ్‌ఓ కింద ఉన్న రాయి బాగా దాహంతో ఉంటుంది. ఆ దాహం తీరేదాకా రోజూ అదే 3 మిల్లీలీటర్లు వేస్తూ పోవాలి తప్ప ఒకేసారి కుమ్మరించకూడదు. రెండో వారం చివరికి పొద్దున కొలత 0.04 దగ్గర నిలవడం మొదలైంది. లక్ష్యం నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1.

యూవీ ఐదో రోజున పెట్టారు. 9 వాట్ల గొట్టం, గంటకు 120 లీటర్లు తోసే చిన్న పంపు. నీటిని పగడాలున్న గదిలోంచే లాగి మళ్లీ అక్కడికే వదలాలి. వెనక గదిలో పెడితే తేలుతున్న కణాల్లో చాలా భాగం దాని దాకా రావు. రాత్రంతా, పగలంతా నడిపారు, అసలు ఫలితం రాత్రిదే. యూవీ పెట్టిన రోజునుంచి రెండు రోజులు లైట్లు ఆపారు. మూడు రోజులు దుప్పటి కప్పి చీకటి చేయడం వాడుకలో ఉన్న పద్ధతే. కానీ ఇక్కడి పగడాలు అప్పటికే ఆకలితో పాలిపోయి ఉన్నాయి. వాటికి వెలుతురు కూడా ఆపి మూడు రోజులు ఉంచడం సరికాదని నా అభిప్రాయం. గదిలోకి వచ్చే వెలుతురు ఉండనిచ్చి లైట్లు మాత్రమే ఆపారు. తర్వాత తెల్లరంగు చానెల్ ఆపేసి, నీలం లైట్లు రోజుకు ఆరు గంటలు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడలేదు. క్లీనర్ రొయ్య, బలహీనమైన పగడాలు ఉన్నచోట అది అనవసరపు ప్రమాదం.

పాకుడును చేత్తో తీయడం కూడా వైద్యంలో భాగమే, ఎప్పుడు తీయాలన్నదే కీలకం. పొద్దున తీస్తే దొరకదు. లైట్లు ఆరే ముందు, పాకుడు పూర్తిగా తీగలు కట్టి ఉన్నప్పుడు, సన్నటి గొట్టంతో 10 మైక్రాన్ల సంచిలోకి లాగి, వడకట్టిన నీళ్లు మళ్లీ ట్యాంక్‌లోకే పోయాలి. ఇలా చేస్తే నీళ్లు మార్చినట్టూ కాదు, పాకుడు బయటికి వచ్చేస్తుంది. సంచిని ట్యాంక్ నీళ్లలో పిండకూడదు, పిండితే తీసినదంతా మళ్లీ లోపలికే పోతుంది.

జీవవైవిధ్యం కోసం బాగా నడుస్తున్న పాత రీఫ్ ట్యాంక్ నుంచి పిడికెడు ఇసుక, రెండు చిన్న లైవ్ రాక్ ముక్కలు, కోపీపాడ్లు (నాచు మేసే చిన్న పురుగులు) తెచ్చి వేశారు. ముక్కల మీద ఐప్టేసియా (పగడాలను కుట్టే, త్వరగా పాకే సీ అనిమొనీ) లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే వేయాలి. డైనోలను వదిలించుకోబోయి ఐప్టేసియా తెచ్చుకుంటే ఆ పోరు ఏళ్లు నడుస్తుంది.

మధ్యలో తిరగబెట్టింది

మూడో వారానికి తీగలు పోయాయి, ఇసుక తెల్లబడింది. నాలుగో వారంలో రాతి వెనక మూల మళ్లీ గోధుమరంగు కట్టింది. నైట్రేట్ 6, ఫాస్ఫేట్ 0.05. అంకెల్లో తేడా లేదు. యూవీ పంపు దగ్గర చూస్తే నోటికి ఫ్లాస్ పోగులు చుట్టుకుని ధార సగానికి పైగా తగ్గింది. గొట్టం విప్పితే లోపలి క్వార్ట్జ్ తొడుగు మీద పలచని తెల్లటి పొర. దీపం వెలుగుతూనే ఉంది, వెలుగు నీళ్లకు చేరడం లేదు. తొడుగును వెనిగర్‌లో అరగంట నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిచారు, పంపు నోటికి ముతక స్పాంజి తొడిగారు. ఈ పని చేసేముందు దీపం కరెంటు తీసేయాలి, వెలుగుతున్న యూవీని కంటితో చూడకూడదు. వారంలో మూల శుభ్రమైంది. యూవీ పనిచేయడం మానేసిందనిపిస్తే ముందు చూడాల్సింది తొడుగు, ఆ తర్వాత ధార.

ఆ వెంటనే రాళ్ల మీద పచ్చటి వెంట్రుక నాచు, ఇసుక మీద అక్కడక్కడా ఎర్రటి సయానో వచ్చాయి. ఇది కంగారు పడాల్సిన దశ కాదు. డైనోలు వదిలిన చోటును మామూలు నాచు ఆక్రమించుకుంటోందని దానర్థం. ఇక్కడ భయపడి జీఎఫ్‌ఓ మళ్లీ వేస్తే కథ మొదటికొస్తుంది. వెంట్రుక నాచును చేత్తో పీకడం, సయానోను సైఫన్‌తో తీయడం, ప్రవాహం పెంచడం చాలు.

నత్తల్ని తొందరపడి వేయకూడదు. ముందు ఒకే ఒక ట్రోకస్ నత్తను వదిలి రెండు వారాలు చూశారు. అది గాజుకు అంటుకుని చురుగ్గా మేస్తుండటంతో మిగతావి తెచ్చారు. ఆరో వారం నుంచి వారానికి 6 లీటర్ల నీటి మార్పు మళ్లీ మొదలైంది.

పగడాల సంగతి

అన్నీ బతకలేదు. క్యాండీ కేన్‌లో ఒక తల చనిపోయింది, మాంటిపోరా కింది కొమ్మ కణజాలం ఊడి తెల్లటి అస్థిపంజరం మిగిలింది. ఆరోగ్యంగా ఉన్న పై కొమ్మను కణజాలం ఊడిన అంచుకు ఒక సెంటీమీటర్ పైన కత్తిరించి, జెల్ రకం సయానోఅక్రిలేట్ జిగురుతో కొత్త ప్లగ్ (పగడం నాటే చిన్న దిమ్మ) మీద నాటారు. ఊడుతున్న అంచు దగ్గరే కోస్తే ఊడటం కొత్త ముక్కకూ పాకుతుంది. డంకన్ అందరికన్నా ముందు తేరుకుంది. హామర్ పూర్తిగా ఉబ్బడానికి రెండు నెలలు పట్టింది. ఫాస్ఫేట్ నిలబడ్డాక జోయాంథిడ్ల రంగు ముదిరింది.

ఉష్ణోగ్రత ఊగడానికి కారణం హీటర్‌లోని థర్మోస్టాట్. బయటి కంట్రోలర్ పెట్టి 25.5కి కుదిర్చాక తేడా అర డిగ్రీ లోపుకొచ్చింది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

ఆవిరయ్యే నీటిని ఆటో టాప్-ఆఫ్ అనే పరికరం దానంతటదే ఆర్వో-డీఐ నీళ్లతో నింపుతుంది, ఆ నీళ్లకు టీడీఎస్ మీటర్ (కరిగిన పదార్థాలు కొలిచేది) సున్నా చూపాలి. చిన్న ట్యాంక్‌కు దీనికన్నా ముఖ్యమైన పరికరం లేదు. రెండు రోజులు నింపకపోతే 35 ఉండాల్సిన లవణీయత దాదాపు 36.5కి చేరుతుంది.

నీటి మార్పుకు 6 లీటర్ల నీళ్లలో సుమారు 230 గ్రాముల ఉప్పు తూచి వేస్తారు. కంపెనీనిబట్టి కాస్త మారుతుంది గనక చివరికి రిఫ్రాక్టోమీటర్ చెప్పిందే లెక్క. ఉప్పును నీళ్లలో వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే అడుగున చిక్కబడి కాల్షియం కార్బొనేట్ విరిగి తెల్లగా దిగిపోతుంది, ఆ కాల్షియం, ఆల్కలినిటీ మళ్లీ కరగవు. కలిపిన నీళ్లు ట్యాంక్ ఉష్ణోగ్రతకు వచ్చాకే పోయాలి.

పగడాలు కోలుకున్నాక ఆల్కలినిటీ వాడకం రోజుకు 0.3 డీకేహెచ్ అయింది. రోజూ ఒకే వేళకు కొలిస్తేనే ఈ అంకె నమ్మదగ్గది. ఒక లీటరు నీటిలో ఒక డీకేహెచ్ పెంచడానికి 30 మిల్లీగ్రాముల సోడియం బైకార్బొనేట్ కావాలి. ఆ లెక్కన 60 లీటర్లకు రోజుకు 540 మిల్లీగ్రాములు. 60 గ్రాముల బేకింగ్ సోడాను డీఐ నీళ్లలో కరిగించి లీటరు చేసుకుంటే రోజుకు 9 మిల్లీలీటర్లు. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకూడదు. కాల్షియానికి 52.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్‌తో లీటరు ద్రావణం చేసుకుని అదే 9 మిల్లీలీటర్లు వేస్తే రెండూ జతగా నడుస్తాయి. రెండూ ఒకేసారి, ఒకేచోట పోస్తే తెల్లగా విరిగిపోతాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ధార బలంగా ఉన్నచోట. ఈ జంట మందుల వల్ల నెలల తరబడి లవణీయత మెల్లగా పెరుగుతుంది, వారపు నీటి మార్పు రోజున దాన్ని చూసుకుని సరిచేస్తే సరిపోతుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్ ఇప్పుడు మేతతోనే నిలబడుతున్నాయి గనక ద్రావణాలు ఆగిపోయాయి, వారానికోసారి కొలత మాత్రం తప్పదు. ఫాస్ఫేట్ 0.03 కన్నా తగ్గితే నీటి మార్పు ఆ వారానికి ఆపి 3 మిల్లీలీటర్ల మోతాదు మళ్లీ మొదలుపెట్టాలి. యూవీని ఒక్కరోజులో తీసేయకూడదు. పాకుడు పూర్తిగా పోయిన రెండు నెలలకు పగలు ఆపి రాత్రి మాత్రమే నడపాలి, నెల తర్వాత రాత్రి విడిచి రాత్రి, అప్పటికీ ఇసుక తెల్లగానే ఉంటే ఆపేయొచ్చు. ఆపిన మొదటి నెలలో మధ్యాహ్నం పూట రాతి వెనక మూలను, ఇసుక అంచును చూస్తూ ఉండాలి. అక్కడ గోధుమరంగు మచ్చ కనబడితే ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాకే తర్వాతి అడుగు.